కుండీ మీద చెయ్యి

హారనమ్మకి కోపం వస్తే ఎదుటివాళ్ళు నోరు తెరిచేదాకా ఆగదు. వాళ్ళు అన్నదానికీ అనబోయేదానికీ కలిపి ఒకేసారి తిట్టేస్తుంది. ఆ పేరు పెట్టింది బడిపిల్లలు. సగం జీవితం స్కూలు బస్సు నడిపింది మరి. హారను పాడైన రోజుల్లో కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్క కేక వేస్తే ముందున్న లారీ కూడా పక్కకి తప్పుకునేదట. పిల్లల కోతలు కొంత ఉండొచ్చు. నేనైతే నమ్ముతాను.

ఆమె పని మానేసే నాటికి ఆ బస్సు కూడా పనికిరాకుండా పోయింది. స్కూలువాళ్ళు తుక్కు కింద అమ్మేస్తామన్నారు. "దాన్ని తుక్కంటే నన్ను తుక్కన్నట్టే" అని పెద్ద గొడవపెట్టుకుని దాన్ని తనే తెచ్చుకుంది. భర్త వెల్డింగ్ పనివాడు. ఆయన నోట్లోంచి మాట రావడం కన్నా చేతిలోంచి నిప్పురవ్వలు రావడం తేలిక. ఆయన సీట్లన్నీ ఊడబెరికి, మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు, మడతబల్ల అమర్చి దాన్ని ఇల్లు చేశాడు. చూసినవాళ్ళందరూ బస్సిల్లు అన్నారు. మలుపు తిరిగినప్పుడల్లా సొరుగులు వాటంతటవే తెరుచుకునేవి. స్పీడ్ బ్రేకర్ వస్తే ఒకరు గిన్నెలు పట్టుకోవాలి, ఇంకొకరు గిన్నెలు పట్టుకున్నవాళ్ళని పట్టుకోవాలి.

కిటికీ పక్కన మంచం కాస్త పొట్టిగా చేయించింది హారనమ్మ. అది వాళ్ళమ్మ కోసం. మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఎక్కడానికి సులువుగా ఉండాలని. తీరా బస్సుకి రంగు వేసేలోపే ఆ తల్లి మంచం పట్టింది, మళ్ళీ లేవలేదు.

ఆ తల్లి ఆసుపత్రి క్యాంటీనులో వంట చేసి బతికింది. రోగులకి ఉప్పూ కారం లేని కూడు వండి వండి తన మాటల్లో కూడా ఉప్పూ కారం లేకుండా చేసుకుంది. "అమ్మా, మీవాళ్ళు ఎవరే?" అని కూతురు ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: "నాకెవరూ లేరు." తను వండిపెట్టిన ఆసుపత్రిలోనే చివరికి మంచమ్మీద పడుకుని, కూతురు గంజి తాగిస్తుంటే, ఉన్నట్టుండి చెప్పింది.

వాళ్ళ నాన్నది సామిల్లు. దుంగలు కోసే పెద్ద రంపానికి చెయ్యి తగలకుండా ఇనప మూత ఉండేది. మూత ఉంటే పని నెమ్మదిగా సాగుతుందని ఆయన దాన్ని తీయించేశాడు. ఒకరోజు ఒక పనివాడి కుడిచెయ్యి తెగిపోయింది. విచారణకి ఆఫీసరొస్తే "వాడు తాగొచ్చాడండీ" అన్నాడు యజమాని. మిల్లు మిల్లంతా అదే పాట పాడింది. మిల్లు ఆఫీసులో ఫోను ఎత్తే పని చేస్తుండేది ఆయన పెద్దకూతురు. ఆ పిల్ల ఒక్కతే ముందుకొచ్చి "ఆయన తాగలేదు సార్. మూత మా నాన్నే తీయించాడు" అంది. ఆ సాయంత్రం ఇంటికెళ్తే తలుపు తియ్యలేదు. మళ్ళీ ఎప్పుడూ తియ్యలేదు.

"ఆయన చెయ్యి తెగినప్పుడు మా చెల్లెలు అక్కడే ఉంది. అంతా చూసింది. దానికి తెలుసు" అంది తల్లి. మళ్ళీ తనే, "ఆ ముందు వారమే ఫొటో తీయించుకున్నాం. అందులో మా అమ్మ చెయ్యి నా భుజం మీదుంటుంది. ఆ ఫొటో నేను చూడనేలేదు" అంటూ తన భుజాన్ని తనే తడుముకుంది. పగ తీర్చమని అడగలేదు, వెళ్ళి కలవమనీ అడగలేదు.

అడిగి ఉంటే హారనమ్మకి ఇంత మండేది కాదేమో. తల్లి పోయాక ఆ అడగకపోవడమే ఆమెని నిలబడనివ్వలేదు. ఒకరోజు పొద్దున్నే భర్తతో అంది. "ఆ ఫొటో నేను చూడాలి. మా పిన్ని బతికుంటే, 'మా అక్క చెప్పిందే నిజం' అని వాళ్ళందరి ముందూ దాని నోటితో అనిపించాలి. అంతే. టైర్లలో గాలి చూడు."

వెల్డింగాయన గాలి చూశాడు.

సామిల్లు ఉన్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. పక్కన కర్రల అడితి పెట్టుకున్నాయన మాత్రం గుర్తుపట్టి, "ఆ కుటుంబంలోవాళ్ళు ఒకాయన పై ఊళ్ళో కళ్ళజోళ్ళ షాపు పెట్టుకున్నాడు" అని చెప్పాడు. తల్లికి బాబాయి కొడుకట, అంటే హారనమ్మకి మామయ్య వరస.

కళ్ళజోళ్ళ మామయ్య మంచివాడే, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. బస్సు చూసి "అయ్యో, ఇల్లు లేదామ్మా మీకు?" అని జాలిపడ్డాడు గానీ, మర్యాదగానే లోపలికి పిలిచాడు, కాఫీ ఇచ్చాడు. "ఎవరి తాలూకమ్మా నువ్వు?" అన్నాడు.

"సామిల్లు వాళ్ళ పెద్దమ్మాయి కూతుర్ని మామయ్యగారూ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "మా పెదనాన్నకి ఒకడే కొడుకు, ఒకతే కూతురమ్మా. పెద్దపిల్ల ఒకత్తి ఉండేదనీ, జ్వరమొచ్చి పెళ్ళి కాకుండానే పోయిందనీ విన్నాను. నేనప్పటికి చిన్నవాణ్ణి."

"పెళ్ళి కాకుండా పోయినావిడకి నేనెలా పుట్టాను మామయ్యగారూ? జ్వరానికా?"

మామయ్య ఇబ్బందిగా నవ్వి, మెల్లగా గొంతు తగ్గించి, "ఇంకో మాట కూడా అనేవారులే. ఎవరితోనో వెళ్ళిపోయిందని. అవన్నీ మనకెందుకు? ఉండు, ఫొటో చూపిస్తా. మా అందరిళ్ళల్లోనూ ఉంటుంది" అని గోడ మీంచి దింపి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

కుర్చీలో మీసాల తాత. పక్క కుర్చీలో అమ్మమ్మ. వెనక నిలబడ్డవాడు మేనమామ. కింద చాప మీద జడలేసుకున్న పన్నెండు పదమూడేళ్ళ పిల్ల, అది పిన్ని. అమ్మమ్మ పక్కన ఎత్తుపీట, పీట మీద పూలకుండీ. అమ్మమ్మ చెయ్యి ఆ కుండీ అంచు మీదుంది. ఆవిడ మొహం కుండీ వైపు తిరిగి నవ్వుతోంది. కన్నబిడ్డని చూసి మురిసిపోయినట్టు.

వెల్డింగాయన వంగి చూసి, "కుండీకి నీడ లేదు" అన్నాడు. అంతే అన్నాడు.

"పీట మీద కూర్చున్నది మా అమ్మ" అంది హారనమ్మ. "చెరిపేసి కుండీ గీయించారు. ఎవరైనా కుండీ భుజమ్మీద చెయ్యేసుకుని కూర్చుంటారా మామయ్యగారూ? ఊరందరికీ కళ్ళజోళ్ళు అమ్ముతారు, గోడ మీదున్నది మీకింతకాలం ఆనలేదా?"

"చిన్నప్పట్నించీ చూస్తున్నాం కదమ్మా" అన్నాడాయన. "చూస్తూ ఉంటే కనిపించదు."

ఆ ఒక్కమాట నిజం. అందుకే ఆయన్ని అంతటితో వదిలేసింది. ఎవరి దగ్గరికెళ్ళాలో అడిగి తెలుసుకుని బయల్దేరింది. దారిపొడుగునా గేర్లు వెయ్యలేదు, గేర్లని కొట్టింది. సొరుగులన్నీ తెరుచుకుని చెంచాలు నేలమీద పడి దొర్లుతుంటే వెల్డింగాయన వాటిని ఏరుకుంటూ కూర్చున్నాడు.

మేనమామ ఎప్పుడో పోయాడు. ఆయన కొడుకు, అంటే హారనమ్మకి బావ, పెద్ద ఫర్నిచర్ షాపు నడుపుతున్నాడు. బస్సు షాపు ముందు ఆగేసరికి హారనమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. అద్దాల తలుపు మీద కుండీ. బోర్డు మీద కుండీ. పనివాళ్ళ చొక్కా జేబుల మీద కుండీ. అదే కుండీ, అవే పూలు.

"రా మరదలా! కళ్ళజోళ్ళ బాబాయి ఫోను చేశాడు" అన్నాడు బావ. నవ్వుమొహం, గట్టి గొంతు. ఆ గొంతు వింటే ఇద్దరిదీ ఒకే రక్తమని ఎవరికైనా తెలుస్తుంది. వెల్డింగాయన వైపు తిరిగి, "బండి కాస్త వెనక సందులో పెట్టించు తమ్ముడూ. కస్టమర్లు చూస్తే ఏదో సర్కస్ వచ్చిందనుకుంటారు."

"సర్కస్ లోపలే నడుస్తోంది కదా బావా" అంది హారనమ్మ. "ఈ కుండీ ఏంటి?"

బావకి ఆ ప్రశ్నంటే ప్రాణం. వచ్చిన ప్రతివాడికీ చెప్పే కథే. "మా నానమ్మదే ఆ కుండీ. పిల్లల కంటే ఎక్కువగా చూసుకునేదట. ఫొటో తీస్తుంటే కుండీ లేనిదే కూర్చోనందట! అది ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మాకు కలిసొచ్చింది. మా కుటుంబం గుర్తు అదే." చెబుతూనే ఆమె చేతిలో కాఫీ కప్పు ఒకటి పెట్టాడు. దాని మీదా కుండీయే. "చుట్టాలకి ఊరికే ఇస్తాం."

"ఇందులో కాఫీ పోసుకుంటే మా అమ్మ నెత్తిన పోసినట్టే" అని కప్పు అతని చేతిలోనే పెట్టి, రంపం దగ్గర్నించి మొదలుపెట్టి మొత్తం చెప్పింది. షాపులో మంచాలు చూస్తున్నవాళ్ళు కూడా వాటి మీద కూర్చుని విన్నారు.

బావ మొహం మాడిపోయింది. మొదట బోర్డుల గురించి దిగులు పడ్డాడు. "ఇప్పుడివన్నీ మార్చాలంటే ఎలాగ?" ఆ తర్వాత తాత మీదకి మళ్ళాడు. "చూడు, పోయినాయన మీద మచ్చ వెయ్యకు. ఆ పనివాడు తాగుబోతు. ఈ జిల్లా అంతా ఎరుగుదురు. మీ అమ్మ ఏదో కోపంలో అబద్ధమాడింది, ఇంట్లోంచి పొమ్మన్నారు. కావాలంటే మా అత్తనడుగు. ఆ రోజు ఆవిడుంది అక్కడ."

"అందుకే వెళ్తున్నా."

"నేనూ వస్తా. పెద్దావిణ్ణి నువ్వు దడిపించేస్తావు" అని బావ కారు తీశాడు.

పిన్ని వాళ్ళ ఊరు దగ్గరే. పిన్ని కొడుకు ఉద్యోగానికి వెళ్ళాడు. కోడలు మాత్రం బస్సు చూసి సంబరపడి, "వదినా, లోపల నిజంగా వంటిల్లుందా?" అంటూ ఎదురొచ్చింది. బస్సు చూసి జాలిపడకుండా, వెక్కిరించకుండా పలకరించింది ఆ పిల్లొక్కతే. హారనమ్మ ఆ పిల్ల చెయ్యి నొక్కి వదిలి, లోపలికి నడిచింది.

పిన్ని కిటికీ పక్కన కుర్చీలో కూర్చునుంది. అవసరమైనప్పుడే వినపడే చెవులు ఆవిడవి. గోడ మీద ఫొటో, ఫొటోలో కుండీ. హారనమ్మ మొహం చూడగానే పిన్ని చెయ్యి కుర్చీ పిడి మీద బిగుసుకుంది. తల్లి పోలిక మరి.

"పిన్నీ, నేనెవరో చెప్పాలా?"

"నాకు సరిగా వినపడదమ్మాయ్."

"సరే. నాకు అరవడం బాగా వచ్చు" అంది హారనమ్మ. అలాగే చేసింది. పక్కింటి కిటికీలు తెరుచుకున్నాయి. "ఆ రోజు మిల్లులో నువ్వున్నావా లేదా? మా అమ్మ చెప్పింది నిజమా కాదా? చెప్పు. అందరూ వినేలా చెప్పు!"

"అత్తా, నువ్వేం భయపడకు" అన్నాడు బావ. "పాత సంగతులు, గుర్తులేవని చెప్పెయ్."

"నువ్వు గుర్తుచెయ్యకు బావా. నీకు కుండీ కథలే సరిగా రావు."

పిన్ని గోడ మీది ఫొటో వంక చూస్తూ మొదలుపెట్టింది. "నాన్న అక్కని కత్తిరించి పారెయ్యమన్నాడు. అక్కని కత్తిరిస్తే అమ్మ చెయ్యి కూడా పోతుంది. అమ్మ రోజంతా ఏడ్చింది. నేనే స్టూడియోకి వెళ్ళి కుండీ గీయమన్నాను. అమ్మ చెయ్యి మిగులుతుందని."

తను చేసిన మంచిపని చెప్పుకున్నట్టే చెప్పింది. కోడలికి కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. హారనమ్మకి మాత్రం ఇంకా మండింది.

"ఎంత ప్రేమ పిన్నీ! ఒక మనిషికి నిజం చెయ్యి తెగిపడితే నోరు మెదపలేదు. ఫొటోలో చెయ్యి తెగకూడదని స్టూడియోకి పరిగెత్తావు. నేను అడిగింది అది కాదు. అతను తాగాడా?"

"తాగలేదు."

"గట్టిగా."

"తాగలేదే! ఒక్క చుక్క కూడా ముట్టేవాడు కాదు!" పిన్ని గొంతు ఒక్కసారిగా లేచింది. "అక్క నిజమే చెప్పింది. తర్వాత ఆఫీసరు నన్ను పిలిచి అడిగాడు. తాగాడని చెప్పాను. నాన్న గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు. అక్క అబద్ధాలకోరైంది నా మాటతోనే."

బావ కుర్చీలో కూలబడ్డాడు. హారనమ్మ ఇంత దూరం వచ్చింది ఆ మాట కోసమే. వింది. అయినా కడుపులో మంట గోరంత కూడా చల్లారలేదు. ఎందుకు చల్లారలేదో తనకే అంతుపట్టక అలాగే నిలబడి ఉంటే, గుమ్మం దగ్గర నిలబడ్డ వెల్డింగాయన మెల్లగా అడిగాడు.

"ఆ చెయ్యి పోయినాయన ఏమయ్యాడండీ?"

గదిలో ఎవరికీ ఆ ప్రశ్న తట్టలేదు. హారనమ్మకి కూడా తట్టలేదు.

పిన్ని తలొంచుకుంది. "పోయాడు. బతికినన్నాళ్ళూ తాగుబోతనే పిలిచారు. మళ్ళీ ఎవరూ పనివ్వలేదు. కూతురుంది, మార్కెట్ వెనక బట్టలు కుడుతుంది."

"అందరూ తాగుబోతు కూతురనే ఆ టైలరా?" అంది కోడలు తెల్లబోయి. "మన బట్టలు కుట్టేదీ ఆవిడే కదా అత్తయ్యా! ఎన్నో ఏళ్ళుగా మీరే స్వయంగా వెళ్ళి ఇచ్చొస్తారు!"

పిన్నికి ఈసారి నిజంగానే వినపడనట్టుంది.

"లే పిన్నీ" అంది హారనమ్మ.

"ఎక్కడికి?"

"ఇక్కడ చెప్పింది చాలదు. అక్కడ చెప్పు."

"అనవసరంగా రచ్చ చెయ్యకు మరదలా" అని బావ అడ్డం లేచాడు. "వాళ్ళేం మనకి చుట్టాలా?"

"మా అమ్మ పుట్టినింటిని పోగొట్టుకున్నది వాళ్ళ కోసం. మీకంటే దగ్గర చుట్టాలు నాకు" అని పిన్ని జబ్బ పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది, ఆ విషయం దాచడమెందుకు. కానీ బస్సు మెట్లు ఎత్తుగా ఉంటే, ఎక్కించేటప్పుడు మాత్రం నడుం కింద చెయ్యేసి జాగ్రత్తగానే ఎక్కించింది. కోడలు తనూ ఎక్కేసింది.

దారిలో పిన్ని ఒకేఒక్క మాట అంది. "తిట్టిందంటే?"

"తిట్టనీ. వినడానికే వెళ్తున్నాం."

మార్కెట్ వెనక వీధి ఇరుకు. బస్సు దాన్ని గోడ నుంచి గోడకి నింపేసింది. కూరల బళ్ళవాళ్ళు తిట్టుకుంటూ పక్కకి లాక్కున్నారు. వెనకాల బావ కారు ఇరుక్కుపోయింది. ఒక గదంత కొట్టు. కుట్టుమిషను, మిషను చుట్టూ కత్తిరింపులు, మెడలో టేపు వేసుకున్న నడివయసు దాటిన ఆడమనిషి. పిన్నిని చూసి నవ్వుతూ లేచింది. "మీరే వచ్చారేంటమ్మగారూ? కబురు చేస్తే వచ్చేదాన్ని కదా. మీ బట్ట కత్తిరించడానికి పక్కన పెట్టాను."

పిన్ని గుమ్మం బయటే నిలబడింది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. హారనమ్మ సాయం చెయ్యలేదు. చెయ్యకూడదని పళ్ళు బిగబట్టుకుంది.

"మీ నాన్న ఆ రోజు తాగలేదు" అంది పిన్ని ఎట్టకేలకి.

టైలరు నవ్వు ఆగిపోయింది. మెడలో టేపు తీసి మిషను మీద పెట్టింది.

"ఆ సంగతి నాకు తెలుసమ్మగారూ" అంది. "మీకు తెలుసని తెలీదు."

అరవలేదు. అరిస్తే బాగుండేదని పిన్ని మొహం చూస్తే అనిపించింది. టైలరు వెనక్కి తిరిగి, అరలోంచి మడతపెట్టిన బట్ట తీసి, కత్తెర పెట్టకుండా ఉన్నదాన్ని ఉన్నట్టే తెచ్చి పిన్ని చేతుల్లో పెట్టింది. "ఇంకెవరి దగ్గరైనా కుట్టించుకోండి."

పిన్ని ఆ బట్ట పట్టుకుని నిలబడిపోయింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు.

టైలరు అప్పుడు హారనమ్మ వైపు చూసింది. "మీరెవరు?"

"ఆ రోజు నిజం చెప్పిన పెద్దమ్మాయి కూతుర్ని."

టైలరు గబుక్కున మిషను ముందున్న స్టూలు లాగి, దాని మీది దారం ముక్కలు కొంగుతో దులిపింది. "కూర్చోండి. ముందు కూర్చోండి. మా నాన్న పోయేదాకా అడిగేవాడు, నాకోసం ఆ ఒక్క పిల్లే చెప్పింది, పాపం ఏమైపోయిందో అని. మేమే వెతకలేదు. పొట్టకూటి గోలలో పడిపోయాం. ఎక్కడుందావిడ?"

హారనమ్మ కూర్చుంది. ఆ కుటుంబంలో ఎవరి గోడ మీదా లేని తన తల్లి ఈ ఇంట్లో ఇన్నేళ్ళూ ఉందన్నమాట. కోపం మాత్రం పోలేదు, ఇప్పుడది పోవాలని కూడా ఆమెకి లేదు. వెనక బావ కారు హారను మోగిస్తూనే ఉంది. కూరల బళ్ళవాళ్ళు బస్సు తియ్యమని అరుస్తూనే ఉన్నారు. వెల్డింగాయన వాళ్ళకి చేతులు జోడించి, కాసేపాగమని సైగ చేస్తున్నాడు.

"పోయింది. పోయినేడాది" అంది హారనమ్మ. "మొదట్నించీ చెబుతాను." స్కూలు బస్సు నడిపిన గొంతుతో మొదలుపెట్టింది, ఎండలో గుమ్మం బయట నిలబడ్డ మనిషికి కూడా ప్రతి మాటా వినపడేలా.